బిళ్ళ వెనక మాట

కంచు గిన్నెలో నీళ్ళు పోసి, బొంబాయి వ్యాపారి పంపిన స్టాంపును పట్టకారుతో అందులోకి వదిలి, దివాకర్ రెడ్డి దాని మీదికి వంగి కూర్చున్నాడు. భారతదేశం పటం ఉన్న మామూలు స్టాంపే అది. కాని పటం మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో అచ్చు ఉంది. కాంగో దేశంలో కొట్లాటలు ఆపడానికి పోయిన మన సిపాయిల కోసం, ఆ ఏడు, 1962 జనవరిలో సర్కారు వేయించిన పైఅచ్చు అది. ఆ పైఅచ్చు ఉంటేనే విలువ. లేకపోతే గుత్తి పోస్టాఫీసులో ఎవరైనా కొనుక్కోగలిగిన బిళ్ళ.

కాసేపటికి నల్ల అక్షరాల అంచుల నుంచి సన్నటి పొగలాంటిది నీళ్ళలోకి పాకింది. దివాకర్ పట్టకారు కొసతో తాకాడు. అక్షరం చెదిరిపోయింది.

"దొంగ నా కొడుకు," అన్నాడు.

పక్కన కాయలు తూకం వేస్తున్న హమాలీ ఉలిక్కిపడి చూసి, తనను కాదని తెలుసుకుని మళ్ళీ తక్కెడ పట్టుకున్నాడు. అతని గోదాము నిండా వేరుశనగ విత్తనం కాయల మూటలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. జ్యేష్ఠం అయిపోవస్తున్నా చినుకు లేదు. విత్తనం తీసుకుపోవలసిన రైతులు వచ్చి, మూటల వైపు చూసి, ఆకాశం వైపు చూసి, రేపు వస్తామని పోతున్నారు.

దివాకర్‌కు ఇలాంటి దెబ్బ ఇది మొదటిది కాదు. ఆ ముందు మద్రాసు ఆసామి ఒకడు చిల్లులు పడినవాటికి వెనక కాగితం అంటించి పంపించాడు. బెంగుళూరులో ఉన్న స్నేహితుడు ఒకాయన, తనకంటే ఎక్కువ కాలంగా స్టాంపులు పోగేస్తున్నవాడు, మొన్న జాబులో గట్టిగానే రాశాడు: విడి స్టాంపు కొనవద్దు. కాగితం మీద అంటించి ఉండాలి, టపా ముద్ర స్టాంపు మీదా కాగితం మీదా కలిసి పడి ఉండాలి, అదొక్కటే నమ్మకం.

అందుకే బసప్ప వస్తే దివాకర్‌కు ప్రాణం లేచి వస్తుంది.

బసప్ప గుత్తి నుంచి తిప్పమీదపల్లెకు టపా మోసే మనిషి. పొద్దున సంచి తీసుకుని నడిచి పోయి ఆ పల్లెలోనూ చుట్టుపక్కలా జాబులు పంచి, సాయంత్రానికి తిరిగి వస్తాడు. బట్టతల మీద తడిగుడ్డ వేసుకుని, తోలు సంచి చంకన పెట్టుకుని ఆవేళ పొద్దున పల్లెకు పోతూ గోదాము గడప దగ్గర నిలబడ్డాడు.

"రెడ్డీ, ఉండావా?"

"రా అప్పా, కూచ్చో. ఏమన్నా తెచ్చినావా?"

బసప్ప చొక్కా లోపలి జేబులోంచి పొగాకు చుట్టిన కాగితం తీశాడు. పొగాకు పక్కకు నెట్టి, కింద దాచిన రెండు ముక్కలు పైకి తీశాడు. అరచేతి వెడల్పున కత్తిరించిన కాగితం ముక్కలు. ఒక్కో దాని మీద ఒక స్టాంపు, దాని మీదుగా కాగితం మీదికి పాకిన సైనిక టపా ముద్ర.

దివాకర్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ముద్రలో తేదీ చెక్కుచెదరలేదు. నల్ల అక్షరాలు కాగితంలోకి దిగి కూర్చున్నట్టున్నాయి. బొంబాయి మీద వచ్చిన కోపమంతా దిగిపోయింది.

"ఇదప్పా సరుకంటే. ఈసారి బాగా కత్తిరించినావు. పోయినసారి ముద్ర సగం తెగిపోయింది."

"నువ్వు వెడల్పుగా కొయ్యమంటివి కదా."

"ఇట్లే కొయ్యి. పెద్ద బిళ్ళ, యాభై పైసలది, అది మాత్రం నాకు ఇంగా రాలేదు. అదొక్కటి దొరికితే నాకు వరస పూర్తవుతాది."

"వస్తే నీకే రెడ్డీ. ఇంగెవురికిస్తా."

దివాకర్ హమాలీకి సైగ చేశాడు. చిన్న సంచిలో విత్తనం కాయలు పోసి బసప్ప ముందు పెట్టారు. బసప్పకు తిప్పమీదపల్లె దారిలో కొంచెం మెట్ట ఉంది. విత్తనం ధర కొండెక్కి కూర్చున్న ఆ రోజుల్లో ఆ సంచి చిన్నదేమీ కాదు. అతను కాయలు గుప్పెట్లోకి తీసుకుని ఒకటి చిదిపి, పప్పు నోట్లో వేసుకుని, సంచి మూతి ముడి వేసుకున్నాడు.

ఇవి యాడివని మొదట్లో ఒకసారి దివాకర్ అడిగాడు. పారేసిన కాగితాలే రెడ్డీ, అన్నాడు బసప్ప. దివాకర్ రెండోసారి అడగలేదు.

ఇంటికి వచ్చి భోంచేసి, మధ్యాహ్నం ఎండ వరండా అంచు దాటి లోపలికి రాకముందే గిన్నె ముందేసుకున్నాడు. వరసలో అప్పటిదాకా తనకు లేని చిన్న బిళ్ళను కాగితంతోపాటే ఆల్బంలో పెట్టాలి. రెండోది ముందే ఉన్న రకం. దాన్ని విడదీసి ఆరబెట్టి బెంగుళూరు స్నేహితుడికి పంపితే, బదులుగా ఇంకోటి వస్తుంది. ఆ రెండోదాన్ని నీళ్ళలోకి వదిలాడు.

భార్య రామసుబ్బమ్మ వక్కలు కత్తిరిస్తూ పక్కనే కూర్చుంది. గిన్నెలోకి చూసి అడకత్తెర ఆపింది.

"నీళ్ళు ఊదాగా అయితాండాయే. ఇది కూడా దొంగదేనా?"

దివాకర్ గబగబా పట్టకారుతో ఎత్తి చూశాడు. పైఅచ్చు చెక్కుచెదరలేదు. రంగు దిగుతున్నది స్టాంపు నుంచి కాదు. కాగితం వెనక నుంచి. తిప్పి చూశాడు. తడిస్తే ఊదాగా మారే పెన్సిలుతో వెనక గుండ్రటి తెలుగు అక్షరాలున్నాయి. అవి ఒక్కొక్కటే ఉబ్బి, కాళ్ళూ తలలూ కలిసిపోయి, నీళ్ళలోకి జారిపోతున్నాయి.

"ఈడ రోజూ వాన..." అని ఒక వరస. దాని కింద వరసలో "నువ్వు" అనో "నవ్వు" అనో ఉంది. ఆ తర్వాత ఏమీ మిగల్లేదు.

రామసుబ్బమ్మ వక్కల పళ్ళెం పక్కకు నెట్టింది.

"ఇది ఎవురో రాసిన జాబు."

"పారేసిన కాగితమంట."

"జాబు ఎవురు పారేస్తారు? కవరయితే పారేస్తారు గాని." ఆమె ఆల్బం పక్కనున్న పొడి ముక్క తీసుకుని వెనక్కి తిప్పింది. దాని మీదా అదే రాత. "అమ్మకు చెప్పు, అని ఉండాది చూడు ఈడ. ఆ పైన తెగిపోయింది."

కవరు కొనే వీలు లేనివాళ్ళు కాగితాన్నే మడిచి, అంచులు అంటించి, పైన స్టాంపు వేసి పంపుతారు. అది దివాకర్‌కు తెలియనిది కాదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. స్టాంపు వెనక ఒక మనిషి రాత ఉంటుందని మాత్రం ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇంతకుముందు నానబెట్టినవి గుర్తుకొచ్చాయి. అప్పుడు కూడా నీళ్ళు రంగు మారాయా? మారే ఉంటాయి. అతను చూసింది స్టాంపు ముఖం. కాగితం ఊడిరాగానే ముద్ద చేసి కిటికీలోంచి విసిరేశాడు.

రామసుబ్బమ్మ గిన్నె ఎత్తి తులసికోట వైపు తీసుకుపోబోయి, ఎందుకో ఆగి, దాన్ని తిరిగి తెచ్చి అతని ముందే పెట్టింది.

మరునాడు బసప్ప పోస్టాఫీసు నుంచి సంచి తీసుకుని వచ్చే దారిలో, గుత్తి కోట కొండ నీడ పడే మలుపులో దివాకర్ సైకిలు ఆపుకుని నిలబడ్డాడు.

"యాడివి బసప్పా ఆ ముక్కలు? నిజం చెప్పు."

బసప్ప అతని ముఖం చూసి సంచి కిందికి దించాడు. "తిప్పమీదపల్లెలో పెద్దక్క అని ఒకామె ఉండాది, ఆమె కొడుకువి. యేసన్నని, పిల్లోడు మిలిటరీలో ఉండాడు. కాంగోకు పోయినాడు."

"ఆమెకు ఇచ్చేముందే కోసినావా?"

"ఇచ్చినాక కొయ్యనిస్తాదా?" బసప్ప గొంతు కొంచెం లేచింది. "నేనేం జాబు దాచి పెట్టలేదు రెడ్డీ. ప్రతి జాబూ ఇచ్చినా. ఇచ్చి, కూచ్చోని చదివి చెప్పినా. మూలకు ఒక చిల్లు, అంతే."

"ఆ చిల్లులో మాటలుండాయి కదప్పా!"

"ముందు గోరంత వదిలి కోస్తాంటి. అప్పుడు ఒకటో రెండో అక్షరాలు పోతాండె. వెడల్పుగా కొయ్యి, ముద్ర తెగకూడదు అని చెప్పిందెవురు?"

చెప్పింది తనే. అందుకే దివాకర్‌కు కోపం వచ్చింది. "నీ మీద పెద్దాఫీసుకు రాస్తా. ఆమెతో వేలిముద్ర వేయించి మరీ రాస్తా. జాబు కొయ్యడమంటే ఏమనుకున్నావు నువ్వు? జైలుకు పోతావు."

బసప్ప కళ్ళలో భయం ఉంది. భయంతోపాటు, కొయ్యమన్నది నువ్వే కదా అన్నట్టు ఒక నిష్ఠూరం కూడా ఉంది. తోలు సంచి చంకన పెట్టుకుని నడిచిపోయాడు. సాయంత్రం దివాకర్ గోదాముకు వచ్చేసరికి, ముడి విప్పని విత్తనం సంచి గడప పక్కన ఉంది.

ఆ రాత్రి దివాకర్ అర్జీ రాశాడు. రాస్తుంటే మనసు తేలికపడింది. తప్పు చేసినవాడు ఒకడున్నాడు, వాడికి శిక్ష పడుతుంది, ఆ పని తన చేతుల మీదుగా జరుగుతుంది. "కొందరు సేకరణదారుల ప్రోద్బలంతో" అని ఒకచోట రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాడు. చివరికి ఆ మాట లేని నకలు ఒకటి శుభ్రంగా ఎత్తి రాసుకుని పడుకున్నాడు.

తెల్లవారి తిప్పమీదపల్లెకు బయలుదేరాడు. అంతా బండిబాట. సైకిలు ఇసుకలో కూరుకుపోతే దిగి నెట్టుకుంటూ పోయాడు. రెండు పక్కలా దున్ని పెట్టిన ఎర్రనేలలు ఎండకు పగుళ్ళిచ్చి ఉన్నాయి. ఊరికి ఇవతలే కరువు పని జరుగుతోంది. రోడ్డు వేయడానికి ఆడవాళ్ళు వరసగా కూర్చుని కంకర కొడుతున్నారు. పెద్దక్క ఎవరని అడిగితే చివర ఉన్న కుప్ప చూపించారు.

పెద్దక్క పొట్టి మనిషి. నెత్తిన కొంగు మడిచి వేసుకుని, ఎడమచేతి వేళ్ళకు చెప్పుతోలు ముక్కలు చుట్టుకుని రాయి పట్టుకుంది. ఎదురుగా కోడలు చిన్నక్క సుత్తి ఎత్తి కొడుతోంది. రెడ్డి వచ్చి తమ కుప్ప దగ్గర నిలబడేసరికి ఇద్దరూ లేచారు. వచ్చింది యేసన్న జాబుల గురించి అనగానే పెద్దక్క చేతిలో రాయి జారింది.

"పోయినాడా సామీ?"

"లేదు, లేదు. అట్లాంటిదేం లేదు."

"దాచిపెట్టొద్దు. మాకు తెలిసిపోయిందిలే. మిలిటరీవోళ్ళు జాబులు కోసి పంపిస్తాండారు. దెబ్బ తగిలిన సంగతి, కాలో చెయ్యో పోయిన సంగతి మాకు తెలీకుండా కోసేస్తారంట. ఫాదరు దగ్గర ప్రార్థన కూడా చేయించినాము."

"ఎవురు చెప్పినారు?"

"బసప్పే చెప్పినాడు, కోసేది మిలిటరీవోళ్ళని. మిగతాది మేమే అనుకుంటిమి." ఆమె కోడలి వైపు చూసింది. "దీని అన్న చిలమత్తూరు నుంచి వచ్చి పోయినాడు. వాడు రాడు, వచ్చినా కుంటోడై వస్తాడు, నువ్వు మాతో వచ్చెయ్ అని. ఇది పోలేదు. పోలేదు గాని, ఆ పొద్దుటి నుంచి సరిగ్గా తినదు."

చిన్నక్క తల ఎత్తలేదు. సుత్తి కర్ర మీద చెయ్యి బిగిసింది.

మేస్త్రీని అడిగి, వాళ్ళతోపాటు ఊరి బయట ఉన్న వాళ్ళ వాడలోకి పోయాడు. ఇంటి బయట బండ మీద కూర్చున్నాడు. పెద్దక్క లోపలి నుంచి నీళ్ళు తేబోయి, తమ చేతి నీళ్ళు రెడ్డి తాగుతాడో లేదోనని గడప దగ్గర ఆగింది. దివాకర్ చెయ్యి చాచి చెంబు అడిగి తీసుకుని తాగాడు. తాగాక, ఈ పనికి తనకేదో మంచిపేరు రావాలని లోపల ఎక్కడో అనిపించి సిగ్గుపడ్డాడు.

చిన్నక్క బిస్కట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అందులో జాబులు. ప్రతి జాబుకూ మూల చతురస్రంగా కోసిన చిల్లు. ఒక్కొక్కటే విప్పుతుంటే చిల్లుల్లోంచి చిన్నక్క పాదాలు, నేల, ఎండ కనిపించాయి. దివాకర్ జేబులోంచి తన దగ్గర కాగితంతో సహా మిగిలిన ముక్కలు తీశాడు. ఒక్కొక్క ముక్కనూ చిల్లులో పెట్టి చూశాడు. కొన్ని సరిగ్గా కూర్చున్నాయి.

"అమ్మకు చెప్పు, నేను లావైనానని," చదివాడు. "ఈ ఊరి అరటికాయ మన చెయ్యి పొడుగు ఉంటాది."

ఇంకో జాబు. "బర్రెను అమ్మొద్దు. నేను వచ్చేదాకా ఎట్లన్నా మేపండి."

పెద్దక్క నోరు తెరుచుకుని వింటోంది. "కాలు గురించి?"

"ఏమీ లేదు పెద్దక్కా. కాలూ చెయ్యీ అంతా బాగుండాయి. మిలిటరీవోళ్ళు ఏదీ కొయ్యలేదు."

"లావైనాడంట!" పెద్దక్క కోడలి భుజం పట్టుకుని ఊపింది. "విన్నావా, లావైనాడంట వాడు!" ఆమె నవ్వుతూనే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వు ఏడుపుగా ఎప్పుడు మారిందో తెలియలేదు. కాసేపటికి చిన్నగా అంది, "బర్రెను అమ్మేస్తిమి సామీ. పోయిన నెలే."

చిన్నక్క నవ్వలేదు. జాబులో కూర్చోబెట్టిన ముక్కను వేలితో తాకి అడిగింది. "మిలిటరీవోళ్ళు కాకుంటే, ఎవురు కోసినారు?"

"బసప్ప కోసినాడు." అన్నాడు దివాకర్. "నా కోసరం కోసినాడు."

"నీ కోసరమా? ఏంటికి?"

"బిళ్ళలు పోగేస్తా నేను. పుస్తకంలో పెట్టుకుంటా."

"పెట్టుకోని?"

"చూసుకుంటా."

చిన్నక్క చిల్లు ఇంకా ఖాళీగా ఉన్న జాబులు ఏరి పక్కన పెట్టింది. "వీటివి యాడ?"

"నీళ్ళలో నానబెట్టినా. పోయినాయి."

"ఏమని రాసి ఉండాది?"

"నేను చదవలేదమ్మా. ఒకదాంట్లో మాత్రం కొంచెం కనపడింది. ఈడ రోజూ వాన, అని."

"ఇంగా?"

"అంతే చదవగలిగినా."

చిన్నక్క ఆ జాబులు మళ్ళీ మడతల మీదనే మడిచింది. పెదవులు కదిలాయి. రోజూ వాన, అని తనలో అనుకున్నట్టుంది. లేచి లోపలికి పోయింది.

దివాకర్ అర్జీ బయటికి తీశాడు. ఇక్కడైనా తను చేయగలిగిందేదో ఉంది. "పెద్దక్కా, బసప్ప చేసింది పెద్ద తప్పు. దీని మీద నీ వేలిముద్ర వెయ్యి. పెద్దాఫీసుకు పంపిస్తా. వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తారు."

పెద్దక్క కాగితాన్ని చూసి రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"వద్దు సామీ."

"భయపడొద్దు. నేనుండా కదా."

"భయం కాదు. బసప్ప పోతే ఇంగొకడొస్తాడు. వాడు మా వాడలోకి వస్తాడా? ముందుండినోడు ఊరి చావిడి కాడ రాయి కింద పెట్టిపోతాండె. గాలికి పోయినవి పోతాండె, వానకు తడిసినవి తడుస్తాండె. బసప్ప ఈ బండ మీద, నువ్వు కూచ్చున్న తావులోనే కూచ్చోని చదివి చెప్తాడు. నేను ఏడిస్తే మల్లా చదువుతాడు. మనియార్డరు ఒక పొద్దు కూడా తక్కువ ఇయ్యలేదు." ఆమె కొంచెం ఆగింది. "వాడు చేసింది మంచి పనని కాదు. వస్తే నేను అడుగుతాలే. నేను అడగాల్సింది నేను అడుగుతా. నువ్వు మాత్రం వాణ్ణి తీసెయ్యొద్దు."

దివాకర్ చేతిలోని అర్జీ వైపు చూసుకున్నాడు. రాత్రి అంత శుభ్రంగా ఎత్తి రాసిన కాగితం. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

"నీకు రాత బాగా వచ్చు కదా," అంది పెద్దక్క. "వచ్చినోడివి వచ్చినావు, నా కొడుక్కు ఒక జాబు రాసి పో."

అతను జేబులోంచి తెల్లకాగితాలు తీసి తొడ మీద పెట్టుకుని కలం విప్పాడు. ఆమె చెప్పింది, అతను రాశాడు. మేము బాగుండాము. వాన లేదు. కంకర పనికి పోతాండాము. బర్రె అమ్మిన సంగతి మాత్రం పెద్దక్క చెప్పలేదు. నీ పెండ్లాం మంచిది, దానికి వేరే నాలుగు మాటలు రాయి. లావైనావంట, సంతోషం. వానలో తడవొద్దు. చిన్నక్క ఎప్పుడు వచ్చిందో గడపలో కూర్చుని వింటోంది. కాగితం ఒక వైపు నిండి, రెండో వైపు కూడా చిరునామాకూ బిళ్ళకూ చోటు వదిలి చాలావరకు నిండింది.

"ఇంగొక మాట రాయి సామీ. బిళ్ళ అంటించే తావులో, దాని వెనక ఏమీ రాయొద్దని రాయి."

కలం ఆగింది. "ఇంగ ఎవురూ కొయ్యరు పెద్దక్కా. నేను చెప్తాండా కదా. ఇంగ నాకు ఆ బిళ్ళలు అక్కర్లేదు."

"నీకు అక్కర్లేకుంటే ఇంగొక రెడ్డికి కావాల్సి వస్తాది. బిళ్ళ పోతే పోనీ. మాట పోకూడదు. రాయి."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎండాకాలం బిందె ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది. దివాకర్ రాశాడు. బిళ్ళ వెనక ఏమీ రాయవద్దు, అరచేతి మేర ఖాళీ వదులు. రాస్తుంటే అక్షరాలు అతని చేతివే అయినా ఎవరో పట్టి రాయించినట్టున్నాయి.

జాబు మడిచి, అంటించడానికి స్టాంపు తీశాడు. చిన్నక్క వచ్చి అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. మడత విప్పి, స్టాంపు పెట్టబోయిన మూల వేలు ఉంచి, వెనక్కి తిప్పి చూసింది. చదువు రాదు. అయినా రాత ఎక్కడుందో కనిపిస్తుంది.

"దీని వెనక కూడా రాసినావు కదా."

"ఇది ఈడ నుంచి పోయే జాబమ్మా. దీన్ని ఎవురు కోస్తారు?"

"ఆడ నీ అట్లాంటోళ్ళు ఉండరా?" అంది చిన్నక్క.

పెద్దక్క కోడల్ని కసరబోయి, ఊరుకుంది. దివాకర్ చిన్నక్క చాచిన చేతిలోంచి జాబు తీసుకుని పక్కన పెట్టాడు. ఇంకో తెల్లకాగితం తొడ మీద పరిచి, పై మూలను అరచేతి మేర లోపలికి మడిచి, గోటితో గట్టిగా గీటు పడేలా నొక్కాడు. ఆ గీటుకు ఇవతల నుంచి, చిరంజీవి యేసన్నకు అని, మళ్ళీ మొదలుపెట్టాడు.